స్థానిక కవితోత్సవంలో చికానో కవులకు విడి సభ కావాలా, ఉమ్మడి వేదిక చాలా?

తూర్పుగట్టు (చర్చ ప్రారంభం)

కాలిఫోర్నియాలోని సాన్ హోసెలో మా పేట గ్రంథాలయం ఏటా వసంతకాలంలో కవితోత్సవం జరుపుతుంది. నిర్వాహక సంఘంలో నేనూ స్వచ్ఛందంగా పనిచేస్తున్నాను. ఈసారి నలుగురు చికానో కవులు, అంటే మెక్సికన్ మూలాలున్న అమెరికన్ కవులు, చదవడానికి ఒప్పుకున్నారు. వారిని ఎప్పుడు, ఎలా చదివించాలన్న దగ్గర సంఘం రెండుగా చీలింది. శనివారం సాయంత్రం గంటన్నర పూర్తిగా వారికే ఇవ్వాలని కొందరు, అందరితోపాటు ఉమ్మడి వేదిక మీద తలా అయిదు నిమిషాలు చదివితే చాలని కొందరు. నేను మొదటి పక్షం. ఇక్కడ కవిత్వం చదివేవారూ సభలు నడిపినవారూ ఉన్నారు కాబట్టి చర్చకు పెడుతున్నాను.

తెలియనివారి కోసం కాస్త నేపథ్యం. 1848లో గ్వాదలూపె ఇదాల్గో ఒప్పందంతో మెక్సికో తన భూభాగంలో దాదాపు సగం అమెరికాకు వదులుకుంది. కాలిఫోర్నియా అందులోదే. అప్పటికే ఆ నేల మీద ఉన్నవారి వారసులు, ఆ తర్వాత పొలాలకూ పండ్ల డబ్బాల ఫ్యాక్టరీలకూ పనికి వచ్చినవారి పిల్లలు 1960లలో హక్కుల కోసం కదిలినప్పుడు, ఒకప్పుడు చిన్నచూపుతో వాడిన చికానో అన్న పేరునే తలెత్తుకుని చెప్పుకున్నారు. 1965లో డెలానో ద్రాక్షతోటల్లో ఫిలిప్పినో కూలీలు మొదలుపెట్టిన సమ్మెలోకి సెసర్ చావెజ్, డొలోరెస్ వెర్తాల వ్యవసాయ కూలీల సంఘం వచ్చి చేరింది. లూయిస్ వల్దెజ్ బృందం అక్కడే లారీల మీద నాటకాలు ఆడింది. 1967లో డెన్వర్‌లో రొడాల్ఫో గొన్జాలెస్ రాసిన ‘నేను హ్వాకీన్‌ని’ అనే దీర్ఘకవితను ఉద్యమ సభల్లో గొంతెత్తి చదివారు. ఈ కవిత్వం మొదటినుంచీ జనం మధ్య నిలబడి చదివేందుకే పుట్టింది. అందుకే ఎంతసేపు చదవనిస్తాం, ఎవరి ముందు చదవనిస్తాం అన్నది నాకు చిన్న విషయంగా కనిపించడం లేదు.

మనకేమిటి సంబంధం అనుకునేవారికి ఒక్క కవిత గురించి చెబుతాను. ఈ ఊళ్లో ఉన్న తెలుగువాళ్లలో చాలామంది ఆఫీసుకు వెళ్లేది 280 రహదారి మీదే. సాన్ హోసెలో పెరిగిన లోర్నా డీ సెర్వాంతెస్ ఆ రహదారి మీదే ఒక కవిత రాశారు. 1981లో వచ్చిన ఆమె తొలి సంపుటి ‘ఎంప్లుమాదా’లో ఉంది. పండ్ల డబ్బాల ఫ్యాక్టరీ పక్కన ఉన్న చిన్న చిన్న ఇళ్లు, వాటిని అల్లుకున్న గులాబీలు, మనిషెత్తు జెరేనియం పూలు, అన్నీ రోడ్డు కింద పోయాయి. పెరటి చెట్లు మాత్రం మిగిలాయి. ఆప్రికాట్, చెర్రీ, వాల్‌నట్. కింద ఖాళీ స్థలాల్లోకి ముసలమ్మలు కాగితపు సంచులు పట్టుకుని ఆకుకూరలు కోసుకోవడానికి వస్తారు. పాలకూర, పుదీనా లాంటి ఆకులతోపాటు వాళ్లు కోసుకునేది మన గంగపాయల కూర. పప్పులో వేసుకునే అదే ఆకు. కవయిత్రి తనను అడ్డుకునే తీగకంచె దాటి ఆ స్థలంలోకి దిగుతుంది. ఫ్యాక్టరీలో మాడే టమాటాల వాసన నుంచి ఒకప్పుడు పారిపోవాలనుకున్న మనిషి, పోగొట్టుకున్నదాన్ని అక్కడే వెతుక్కుంటుంది.

ఇది విన్నాక రెండు నిమిషాలైనా ఊరుకోవాలి. వెంటనే ఇంకో కవి లేచి తన తోటలోని పిచ్చుక మీద చదివితే రెండు కవితలకూ అన్యాయమే.

సమపంక్తి

తూర్పుగట్టు గారూ, కవిత గురించి మీరు చెప్పినదాంతో నాకు పేచీ లేదు. విడి సభతోనే పేచీ. ఒకే ఇంట్లో విందు పెట్టి కొందరికి వేరే పంక్తిలో వడ్డిస్తే, వంటకాలు ఎంత గొప్పవైనా అది పంక్తిభేదమే. శనివారం సాయంత్రం మంచి సమయమే అనుకుందాం. కానీ ఆ సభకు వచ్చేది ఎవరు? ఇప్పటికే ఈ కవులను అభిమానించేవాళ్లు. పిచ్చుక మీద కవిత వినడానికి వచ్చిన మనిషి మీ 280 కవితను ఎప్పటికీ వినడు. మీరు వినిపించాలనుకుంటున్నది అతనికే కదా?

తెలుగు సభల్లో ఇది కళ్లారా చూశాను. దళిత కవులకు, ముస్లిం కవులకు ‘ప్రత్యేక సమావేశం’ అని ఘనంగా ప్రకటిస్తారు. అది భోజనాల తర్వాత ఉంటుంది. అప్పటికి ముందు వరుస కుర్చీల్లో శాలువాలు తప్ప మనుషులు ఉండరు. పేరు ప్రత్యేకం, చోటు మూల.

పైగా కాలం మారింది. చికానో కవి హువాన్ ఫెలిపె హెరెరా 1948లో కాలిఫోర్నియాలోని ఫౌలర్‌లో వలస కూలీల ఇంట పుట్టారు. తోట నుంచి తోటకు తిరుగుతూ పెరిగారు. 2012లో కాలిఫోర్నియా ఆస్థానకవి అయ్యారు, 2015 నుంచి 2017 వరకు దేశానికే ఆస్థానకవి. దేశం నడివేదిక మీద కూర్చున్నవాళ్ల కవిత్వానికి పేట గ్రంథాలయంలో విడి గది ఎందుకు? అక్షరక్రమంలో పిలవండి. అందరికీ ఒకే సమయం ఇవ్వండి. అంతకన్నా మర్యాద నాకు తెలియదు.

పాత పత్రికలు

నడివేదిక దాకా ఎలా వచ్చారో కూడా చూడాలి సమపంక్తి గారూ. ఎవరో పిలిచి కుర్చీ వేయలేదు.

1967లో బర్క్‌లీలో క్వింతో సోల్ అనే చిన్న ప్రచురణ సంస్థ ‘ఎల్ గ్రీతో’ పత్రిక మొదలుపెట్టింది. పెద్ద ప్రచురణకర్తల ఆమోదం కోసం ఎదురుచూడకుండా తామే అచ్చు వేసుకుందామని పెట్టిన పత్రిక అది. 1973 నవంబరులో లాస్ ఏంజెలెస్‌లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఫ్లోర్ ఈ కాంతో ఉత్సవం జరిగింది. చికానో కవులు, కథకులు ఒకచోట చేరి ఒకరికొకరు చదువుకున్నారు. ఆ చదువులను వీడియో తీశారు. అందువల్లే ఆనాటి గొంతులు నేటికీ వినగలుగుతున్నాం. 2010లో అదే విశ్వవిద్యాలయంలో మళ్లీ కలిసినప్పుడు, యువకులుగా చదివినవారిలో కొందరు నెరిసిన తలలతో వచ్చి చదివారు. అది పూర్తిగా విడి సభ. దాన్ని మూల అనగలమా?

సాన్ హోసె సంగతి కూడా ఉంది. సెర్వాంతెస్ 1970లలో ఇక్కడే ‘మ్యాంగో’ అనే పత్రికను, దానితోపాటు చిన్న ప్రచురణను నడిపారు. సాండ్రా సిస్నెరోస్ పేరు ఇప్పుడు అమెరికా బడి పిల్లలకు కూడా తెలుసు. ఆమె మొదటి చిన్న కవితల పుస్తకం 1980లో వచ్చింది ఈ మ్యాంగో నుంచే. ‘మ్యాంగో స్ట్రీట్’ నవల దాని తర్వాత నాలుగేళ్లకు, 1984లో. షికాగో అమ్మాయి మొదటి పుస్తకం సాన్ హోసెలో అచ్చయిందంటే ఆ చిన్న విడి వేదిక చేసిన పని ఎంతటిదో ఊహించండి.

తెలుగులోనూ అంతే. 1993లో ‘నీలిమేఘాలు’, 1995లో ‘చిక్కనవుతున్న పాట’, 1998లో ‘జల్‌జలా’ విడివిడిగానే వచ్చాయి. స్త్రీల కవిత్వం, దళిత కవిత్వం, ముస్లిం కవిత్వం వేర్వేరు సంకలనాలుగా గట్టిగా నిలబడ్డాకే తెలుగు విమర్శ తన చూపు మార్చుకుంది. అంతకుముందు ఉమ్మడి సంకలనాల్లో వారికి దక్కింది ఒకటి రెండు పేజీలు.

సమపంక్తి

1973 నాటి ఉత్సవాన్ని ఆ కవులు తమకోసం తామే పెట్టుకున్నారు. ఇక్కడ గ్రంథాలయ సంఘం కూర్చుని మీరు అటు వెళ్లండి అంటోంది. రెండూ ఒకటి కావు. సంకలనాలకూ ఇదే వర్తిస్తుంది. సంపాదకులు ఎవరన్నది చూడండి.

పౌరుడు

నా అభ్యంతరం వేరే. గ్రంథాలయం నడిచేది ఊరందరి పన్నులతో. చికానో కవుల పేరుతో సభ పెడితే సరిహద్దు, వలస, పోలీసులు అన్నీ వేదిక మీదకు వస్తాయి. అక్కడికి వచ్చే కుటుంబాల్లో అన్ని అభిప్రాయాలవారూ ఉంటారు. కవిత్వాన్ని కవిత్వంగా వింటే సరిపోదా?

నాకు గ్యారీ సోతో ‘ఆరెంజెస్’ కవిత ప్రాణం. పన్నెండేళ్ల పిల్లవాడు డిసెంబరు చలిలో, జేబులో రెండు నారింజలతో, మొదటిసారి ఒక అమ్మాయితో నడుస్తాడు. కొట్లో ఆ పిల్ల చాక్లెట్ తీసుకుంటుంది. దాని ధర పది సెంట్లు, వీడి దగ్గర ఉన్నవి అయిదు. మాట్లాడకుండా ఆ నాణెం, పక్కన ఒక నారింజ బల్ల మీద పెడతాడు. కొట్టులోని ఆవిడ వీడి కళ్లలోకి చూస్తుంది, ఆమెకు అర్థమవుతుంది. ఈ కవితకు ఏ జెండా అవసరం లేదు. మా అబ్బాయికి బడిలో పాఠంగా వచ్చింది. రాసినాయన ఏ మూలాలవాడో తెలియకుండానే వాడు దాన్ని ప్రేమించాడు. సోతోని ‘చికానో సభ’లో కూర్చోబెడితే ఈ కవితకు అదనంగా వచ్చేదేమిటి?

టెక్సస్ నుంచి

పౌరుడు గారూ, రాజకీయాలు ఈ కవుల వెంట రావడం లేదు. వారి పుస్తకాల వెంట పడుతున్నాయి.

అరిజోనాలో 2010లో ఒక చట్టం చేశారు. దాన్ని చూపించి టూసాన్ బడుల్లో మెక్సికన్ అమెరికన్ చదువుల కార్యక్రమాన్ని 2012 జనవరిలో ఆపేశారు. ఆ పాఠ్యపుస్తకాలను తరగతి గదుల నుంచి పెట్టెల్లో సర్ది తీసుకెళ్లారు. పిల్లలు చదువుతున్న పుస్తకాలవి! అదే ఏడాది మార్చిలో హ్యూస్టన్ రచయితలు కొందరు అవే పుస్తకాలను బస్సులో వేసుకుని, దారి పొడవునా చదువుతూ టూసాన్ దాకా వెళ్లి పంచారు. 2017లో ఫెడరల్ న్యాయమూర్తి ఆ నిషేధం వెనుక జాతి ద్వేషం ఉందని తేల్చారు. ఏడేళ్లు పట్టింది.

అదే 2010లో అరిజోనా వలస చట్టానికి నిరసనగా తొమ్మిదిమంది విద్యార్థులు శాసనసభ భవనం తలుపులకు గొలుసులతో తమను కట్టేసుకున్నారు. వారిని ఉద్దేశించి ఫ్రాన్సిస్కో అలార్కోన్ ఒక కవిత రాసి ఫేస్‌బుక్‌లో పెట్టారు. ఆ పేజీకి దేశం నలుమూలల నుంచి కవితలు వచ్చిపడ్డాయి. అందులోంచి 2016లో ఒక సంకలనం వచ్చింది. అలార్కోన్ ఆ ఏడాది జనవరిలోనే కన్నుమూశారు. సున్నితమైన ప్రేమకవితలు, పిల్లల కవితలు రాసిన మనిషి ఆయన. నారింజల కవిత మీకు ఇష్టమైనట్టే ఆయన పిల్లల పుస్తకాలూ మీకు నచ్చుతాయి. అవి రాసిన చేయే ఇదీ రాసింది. ఊరి గ్రంథాలయం ఒక చేతిని పిలిచి రెండో చేతిని బయట ఉంచమని ఎలా చెబుతుంది?

నేను ఆస్టిన్‌లో ఉంటాను. రాఉల్ సాలినాస్ ఇక్కడ రెసిస్తెన్సియా అనే పుస్తకాల కొట్టు నడిపేవారు. ఆయన పేరు తెచ్చిన కవితను జైల్లో రాశారు. పెరిగిన పేట కూలిపోతే దాన్ని జ్ఞాపకంలో వీధి వీధినా తిరిగి కట్టుకున్న కవిత. అందులో రాజకీయం ఎక్కడ మొదలైంది, బాల్యం ఎక్కడ ముగిసింది అని గీత గీయమంటే నేను గీయలేను.

ఒక ప్రశ్న తూర్పుగట్టు గారికి. నలుగురికీ పారితోషికం ఇస్తున్నారా? సభ ఎక్కడన్నదానికన్నా నాకు ఇది ముఖ్యం.

తూర్పుగట్టు

పారితోషికం గురించి మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను. ముఖ్య కవికి మాత్రమే ఇవ్వాలని, ‘తమ సమాజం తరఫున’ చదివేవారికి ధ్రువపత్రం సరిపోతుందని ప్రతిపాదన వచ్చింది. నేను గట్టిగా వ్యతిరేకించాను. ఇంకా తేలలేదు. ఫ్రెస్నో నుంచి కారులో వచ్చే మనిషికి పెట్రోలు ఖర్చయినా ఇవ్వకుండా ‘వైవిధ్యానికి వేదిక’ అని కరపత్రంలో వేసుకోవడం నాకు మింగుడు పడదు.

పౌరుడు గారికి. మీరు చెప్పిన సోతోయే 1977లో ‘ద ఎలిమెంట్స్ ఆఫ్ సాన్ హ్వాకీన్’ రాశారు. ఆయన ఊరు ఫ్రెస్నో చుట్టుపక్కల పొలంలో పనిచేసిన మనిషి ఒంటి మీద పేరుకున్న దుమ్ము, గాలి, పొగమంచు అందులో ఉంటాయి. నారింజల పిల్లవాడిదీ అదే ఫ్రెస్నో. ఉమ్మడి వేదిక మీద అయిదు నిమిషాలే ఇస్తే ఏ కవైనా జనానికి తెలిసినదే చదువుతాడు. నారింజలే చదువుతాడు. దుమ్ము ఇంట్లోనే ఉండిపోతుంది. గంటన్నర ఇస్తే రెండూ వినిపిస్తాయి. అప్పుడు మీ అబ్బాయికి ఆ కవిత ఇంకా దగ్గరవుతుందే తప్ప దూరం కాదు.

సమపంక్తి గారి మాటకు నా అసలు జవాబు ఇది. ఇరవైమంది మధ్య ఒక్క చికానో కవి నిలబడితే, విన్నవాళ్లు అతణ్ణి ఒక జాతి మొత్తానికి ప్రతినిధిగా వింటారు. చికానోలు ఇలా రాస్తారన్నమాట అనుకుని ఇంటికి వెళతారు. నలుగురు పక్కపక్కన కూర్చుంటే అలా అనుకోవడం కుదరదు. మా నలుగురిలో ఒకరు పద్నాలుగు పాదాల సానెట్లు రాస్తారు. ఒకరు ఉద్యమంలో గొంతు అరగదీసుకున్న పెద్దాయన. ఒకామె తన నర్సు ఉద్యోగం గురించి తప్ప వేరే రాయదు. నాలుగో ఆయన కవితలు నిజానికి నాకే అంతగా నచ్చవు, అయినా ఆయన చదివితే హాలు ఊగిపోతుంది. ఒకరితో ఒకరికి పడదు కూడా. ఆ పడకపోవడం వేదిక మీద కనిపించాలి. అప్పుడే నలుగురూ నలుగురు కవులుగా వినిపిస్తారు.

హోసె మోంతోయా ‘ఎల్ లూయీ’ కవితనే తీసుకోండి. 1960ల చివరలో రాశారు. సొగసైన దుస్తుల్లో తిరిగి, కొరియా యుద్ధానికి వెళ్లి వచ్చి, చివరికి అద్దె గదిలో ఒంటరిగా చనిపోయిన కుర్రాడి కోసం శోకగీతం. అందులో మన సాన్ హోసె కూడా వస్తుంది. ఇంగ్లిషు, స్పానిష్, వీధి భాష కలగలిసి నడుస్తాయి. ఆ భాషలో పెరిగినవాళ్లు హాల్లో పదిమంది ఉంటే సరైన చోట నవ్వుతారు, సరైన చోట మౌనంగా ఉంటారు. పక్కన కూర్చున్న నాకు ఆ నవ్వు వల్లే కవిత సగం అర్థమవుతుంది. ఉమ్మడి వేదిక దగ్గర ఆ పదిమంది ఉండరు. ఎందుకంటే అయిదు నిమిషాల కోసం అంత దూరం ఎవరూ రారు.

రెండో తరం

ఈస్ట్ సాన్ హోసెలో టీచరుగా పనిచేస్తున్నాను. మా నాన్నగారిది గుంటూరు. నేను ఇక్కడే పుట్టాను, తెలుగు రాయడం పెద్దయ్యాక నేర్చుకున్నాను. పైన అందరూ కవులను ఎక్కడ కూర్చోబెట్టాలని మాట్లాడుతున్నారు. వినేవాళ్ల గురించి తూర్పుగట్టు గారు చివరలో అన్న ఒక్క మాట తప్ప ఎవరూ ఆలోచించలేదు.

మా బడి ఉన్న ప్రాంతానికి దగ్గరలోనే సెసర్ చావెజ్ ఒకప్పుడు కాపురం ఉన్న పేట ఉంది. 1952లో ఫ్రెడ్ రాస్ అనే సంఘ నిర్మాత ఆయన్ను వెతుక్కుంటూ వచ్చింది అక్కడికే. మా పిల్లల తల్లిదండ్రుల్లో చాలామందికి శనివారం సాయంత్రం హోటల్లోనో ఆఫీసు భవనాలు శుభ్రం చేసే చోటో పని ఉంటుంది. మీ గ్రంథాలయానికి రావాలంటే రెండు బస్సులు మారాలి. మీరు మంచి సమయం అనుకుంటున్నది ఎవరికి మంచి సమయం? ఆదివారం మధ్యాహ్నం పెట్టండి. లేదా సభనే ఇటు తీసుకురండి. ఇక్కడ మెక్సికన్ హెరిటేజ్ ప్లాజా ఉంది, బడి హాళ్లు ఉన్నాయి.

ఇంకొకటి. మీ కార్యక్రమ పత్రంలో ‘స్పానిష్ మాధుర్యం’ లాంటి మాటలు దయచేసి వేయకండి. సెర్వాంతెస్ ఇంట్లో ఇంగ్లిషే మాట్లాడించారు. పిల్లలు అవమానాలు పడకూడదని పెద్దవాళ్లు భాషను దాచిపెట్టారు. 1974లో చికానో నాటకోత్సవానికి సోదరుడి బృందంతో కలిసి ఆమె మెక్సికో నగరం వెళ్లినప్పుడు, అనుకోకుండా కవిత చదవమన్నారు. ఆమె చదివింది తనకు అందకుండా పోయిన ఆ భాష గురించే. ఆ కవితలో మాట్లాడేది తన పేరు తన నోటికే పరాయిగా తోచే మనిషి, తీరం చేరని ఓడలో ఉన్న మనిషి. నా తరగతిలో దాన్ని చదివినప్పుడు అమాయకంగా కూర్చున్న పిల్లల్లో ముగ్గురు తలదించుకున్నారు. వాళ్లలో ఒకమ్మాయిది తెలుగు కుటుంబం. నాకు ఆ పిల్లను చూస్తే నన్ను నేను చూసుకున్నట్టే ఉంటుంది. ఇలాంటి పిల్లలు ముందు వరుసలో కూర్చోవాలని నా కోరిక. విడి సభా ఉమ్మడి సభా అన్నది దాని తర్వాత.

పౌరుడు

టెక్సస్ వారు చెప్పిన పుస్తకాల పెట్టెల సంగతి బాధ కలిగించింది. పిల్లల చేతిలోంచి పుస్తకం లాక్కోవడాన్ని నేను ఎప్పటికీ సమర్థించను. అయినా ఒక మాట మీద నిలబడతాను. సభలో కవితలే చదవాలి, ఉపన్యాసాలు వద్దు. కవిత ఎంత పదునుగా ఉన్నా కూర్చుని వింటాను.

తూర్పుగట్టు

ఆ మాట నాకు సమ్మతమే. ఆ నలుగురికీ సమ్మతమే అనుకుంటాను.

రెండో తరం గారి సూచనతో సంఘం ముందుకు వెళుతున్నాను. ఆదివారం మధ్యాహ్నం, తూర్పు వైపు ఒక బడి హాలు, గంటన్నర, నలుగురికీ ముఖ్య కవితో సమానమైన పారితోషికం. పిల్లలకు ముందు రెండు వరుసలు. కార్యక్రమ పత్రంలో పరిచయ వాక్యాలు ఆ కవులే రాసిస్తారు. సమపంక్తి గారూ, విడి సభ వారు అడిగినదా, మేము ఇచ్చినదా అన్న మీ ప్రశ్న సరైనది. నలుగురినీ నేరుగా అడిగాను. ముగ్గురు కలిసి చదవడమే ఇష్టమన్నారు. సానెట్లు రాసే ఆయన మాత్రం ఉమ్మడి వేదిక మీదే చదువుతానన్నారు. అలాగే కానివ్వండి అన్నాను.

సమపంక్తి

అడిగినందుకు సంతోషం. అయితే ఆ మిగతా ముగ్గురు ఉమ్మడి వేదిక మీద కూడా ఎందుకు చదవకూడదు? ఆదివారం వాళ్ల సభ వాళ్లకు ఉండనివ్వండి. శనివారం అందరితోపాటు అయిదు నిమిషాలు కూడా ఇవ్వండి. పిచ్చుక కవితకు వచ్చిన మనిషి శనివారం ఒక కవిత విని, నచ్చితే ఆదివారం తూర్పు వైపు వస్తాడు. శనివారం జాబితాలో వాళ్ల పేర్లు లేకపోతే, హాలు ఎంత బాగున్నా, పారితోషికం ఎంత ఇచ్చినా, ఈ ఏర్పాటుకు నేను ఒప్పుకోను. మీ సంఘంలో నాకు ఓటు లేదు కానీ ఉంటే వ్యతిరేకంగానే వేస్తాను.

టెక్సస్ నుంచి

రెండు రోజులు చదివితే రెండు రోజుల పారితోషికం. అది కూడా రాసుకోండి తూర్పుగట్టు గారూ.